అంతయ్య మామ పడుకుని చూసిన బండి

మా అంతయ్య మామ ఏ బండినైనా పడుకుని చూస్తాడు. మెకానిక్‌లందరూ బండి కింద పడుకుంటారు, అది వేరు సంగతి. ఈయన బండిలో పడుకుంటాడు. మీరు ఆటో తెచ్చినా, ట్రాక్టర్ ట్రాలీ తెచ్చినా, ఏ గేరులో ఏ చప్పుడు వస్తుందో అరగంట వివరించినా ఓపికగా తలూపుతూ వింటాడు. తర్వాత చెప్పులు విప్పి, వెనక ఎక్కి, వెల్లకిలా పడుకుని, "ఇగ నడుపు," అంటాడు. నడపకపోతే పానా ముట్టడు.

ముప్పై ఏళ్లకు పైగా బొగ్గు బాయిలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. మందమర్రిలో ఇంటి ముందే రేకుల షెడ్డు వేసుకున్నాడు. నా పేరు అరుణ్‌కుమార్. మా ఇల్లు ఆ షెడ్డు వెనకే. మామ అని పిలవడమే గానీ మా మధ్య చుట్టరికం ఏమీ లేదు. ఆటో నడిపే రోజుల నుంచి ఆయన్ని మోసి తిప్పిన పాపం నాది.

"కూసుని చూస్తే తెల్వదా మామా?" అని ఒకసారి అడిగాను.

"కూసున్నోడు నడుము బిగవట్టుకుంటడు, అరుణూ. బండి తప్పులన్నీ ఆ నడుమే దాచిపెడ్తది. పండుకున్నోని దగ్గర ఏం దాగదు."

ఒక మేకల బేరగాడు ట్రాలీ ఆటో తెచ్చి, లోడు వేస్తే బండి గుంజడం లేదన్నాడు. మామ పన్నెండు మేకల మధ్య చోటు చేసుకుని పడుకున్నాడు. రైలు గేటు దాకా వెళ్లి వచ్చేసరికి చొక్కా కాలరు లేదు, జేబులో పెట్టుకున్న బీడీ కట్టా లేదు. "ఎనక స్ప్రింగు పట్టీలు గట్టిగున్నయ్. మేకలు నిలబడలేక ఒకదాని మీద ఒకటి పడ్తున్నయ్. ఒక పట్టీ తీసేస్త," అన్నాడు. బేరగాడు ఇంజన్ గురించి అడుగుతూనే ఉన్నాడు. ఇంజన్ సంగతి మేకలు ఏమీ చెప్పలేదట.

అంతకంటే ఘోరం శవాల బండి. దాన్ని తెచ్చిన రోజు కూడా మామ చెప్పులు విప్పాడు. డ్రైవరు వద్దని బతిమాలాడు. మామ వినలేదు. కళ్లు మూసుకుంటే చప్పుడు బాగా వినిపిస్తుందని కళ్లు మూసుకున్నాడు. బండి కూరగాయల మార్కెట్ మీదుగా పోతుంటే జనం లేచి దండాలు పెట్టారు. ఎవరో పేలాలు చల్లారు. యూనియన్ ఎన్నికలప్పుడు మాటామాటా అనుకుని తొమ్మిదేళ్లుగా మామతో మాట్లాడని ఎల్లేశం, ఎక్కడ సంపాదించాడో గానీ బంతిపూల దండతో ఉరికి వచ్చాడు. దండ వేసి, కాళ్లు పట్టుకుని, "నిన్ను అనరాని మాటలంటిని అంతన్నా," అని ఏడ్చాడు.

"దండ జర పక్కకు జరుపు. బుష్షు సప్పుడు ఇంటున్న," అన్నాడు మామ.

ఎల్లేశం కళ్లు తుడుచుకుని, తన దండ తను తీసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ మాట్లాడలేదు. ఇప్పుడు పదకొండో ఏడు నడుస్తోంది.

అదే మార్కెట్‌లో బెండకాయలు ఏరుతున్న మామ భార్య దుర్గవ్వ అత్త, జనం గుమిగూడితే వచ్చి తొంగి చూసింది. మామ ఒక కన్ను తెరిచాడు. "పోయేది పోతున్నవు, వచ్చేటప్పుడు కొత్తిమీర కట్ట పట్టుకరా," అని చెప్పి అత్త మళ్లీ బెండకాయల దగ్గరకు పోయింది.

షెడ్డుకు వచ్చాక మామ తీర్పు చెప్పాడు. "ఎనక షాకులు పోయినయ్. తలకాయ రెండుసార్లు తాకింది."

"సచ్చినోళ్లకు తాకితే ఏంది మామా?" అన్నాడు డ్రైవరు.

"పక్కన కూసున్న కొడుకు చూస్తడు గద."

ఇక అసలు బండి దగ్గరకు వస్తాను. కరీంనగర్‌లో కరుణాకర్‌రావు గారని ఒక పెద్దాయన ఉన్నారు. భూములున్నాయి, వ్యాపారాలున్నాయి, తీరిక కూడా ఉంది. ఆయన ధర్మపురి దగ్గర గోదావరి ఇసుకలో తోలడానికి ఒక బండి కొన్నారు. పక్కపక్కన రెండే సీట్లు, చుట్టూ ఇనుప పైపుల పంజరం, లావు టైర్లు. రాయీ రప్పా ఎక్కి పోతుంది. మొదటి నెలలోనే రెండుసార్లు బోర్లా పడేశారు. రెండోసారి పక్క సీట్లో ఆయన భార్య ప్రమోదినమ్మ ఉన్నారు. ఆ వారమే బండి దానమైపోయింది. ఆదిలాబాద్ గుట్టల్లో ఒక ట్రస్టు వాళ్లు దవాఖాన నడుపుతున్నారు, వాళ్లకు ఇచ్చేశారు. తలుపు మీద దాత పేరు, దాత తండ్రి పేరు, తాత పేరు రాయించారు. ఆ తలుపు తెరిచి ఎక్కే డ్రైవరు ఉద్యోగం నాకు దొరికింది.

దవాఖాన నుంచి తారు రోడ్డు ఏడు కిలోమీటర్లు. మధ్యలో మూడు వాగులు, మిగతాదంతా రాళ్లు. అంబులెన్సు తారు రోడ్డు దాకే వస్తుంది. అందుకని మా బండి వెనక భాగంలో స్ట్రెచర్ బిగించి రోగులను అక్కడికి చేరవేయాలి. చేరవేశాను. జ్వరంతో ఎక్కిన ఒక ముసలాయన రెండో వాగు దగ్గర దిగిపోయి, నడిచి వస్తానన్నాడు. నడిచే వచ్చాడు, మాకంటే ముందు. నెల తిరిగేసరికి గూడేల్లో జనం రోగం దాచుకోవడం మొదలుపెట్టారు.

"రోగం కంటె బండికే ఎక్కువ భయపడుతున్నరు అరుణ్. ఏమన్న చెయ్యి," అంది నర్సు మమతారాణి.

నాకు తెలిసిన మెకానిక్ ఒక్కడే. మోటార్ సైకిల్ మీద తీసుకొచ్చాను. దాని మీద పడుకునే వీలు లేదు కాబట్టి మామ దారంతా ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు.

రాగానే చెప్పులు విప్పి స్ట్రెచర్ ఎక్కాడు. మమతారాణి సిస్టర్ నా పక్క సీట్లో కూర్చుంది. నేను రాళ్ల మీదికి దించాను. వెనక నుంచి మామ దెబ్బ తగిలిన చోటల్లా పేరు చెప్పడం మొదలుపెట్టాడు.

"నడుము." కాసేపటికి, "మెడ." తర్వాత, "తలకాయ. మల్ల తలకాయ." ఒక పెద్ద రాయి దాటాక, "సిస్టర్, కిడ్నీలు ఎక్కడుంటయ్?" అన్నాడు.

"ఎనక, రెండు దిక్కుల."

"అయితే రెండు కిడ్నీలు."

తిరిగి వచ్చాక బండి కింద దూరి చాలాసేపు చూశాడు. వెనక ఇరుసు దగ్గర అడ్డంగా ఒక ఉక్కు కడ్డీ ఉంది, చివర్లు రెండూ వంగి చెరో చక్రానికి పట్టుకుని ఉన్నాయి. సిస్టర్ బండితో వచ్చిన పుస్తకం తీసి చదివింది. దాని పేరు స్వే బార్ అట. జోరుగా మలుపు తిరిగేటప్పుడు బండి ఒరగకుండా పట్టి ఉంచుతుందట.

"గీ అడ్డరాడ్డే," అన్నాడు మామ. "రెండు చక్రాలను ఒకదానికొకటి కట్టేసింది. ఎడమది రాయెక్కితే కుడిదాన్ని గూడ గుంజుతది. బండి మొత్తం అటిటు ఊగుతది, పండుకున్నోడు దాంతోని ఎగురుతడు. ఇది తీసేస్తే ఏ చక్రం బాధ ఆ చక్రానిదే."

"మరి మలుపుల బండి ఒరిగితే?" అన్నాను.

"ఒరుగుతది. స్పీడు పదిహేను దాటినవంటే బోర్ల పడ్తవు."

"పదిహేను మీద పోతే రోగి బతుకుతడా మామా?"

ఆయన నా వైపు ఒకసారి చూశాడు. "పానా ఇయ్యి," అన్నాడు.

బండిని చదును నేల మీదికి తెప్పించాడు. రెండు చక్రాలూ సమంగా ఉంటేనే రాడ్డు మీద బిగువు ఉండదట, ఒక పక్క ఎత్తి బోల్టు తీస్తే పళ్లు రాలగొడుతుందట. చివర్లకు రెండు లింకులు, నడుమ రెండు క్లాంపులు, అంతే. గోదావరి ఇసుక, నీళ్లు కలిసి బోల్టులను తుప్పు పట్టించాయి. డీజిల్ పోసి నానబెట్టి, కొట్టి, తిట్టి, చివరి బోల్టు ఒక్కదానికే గంట పట్టింది. ఊడి వచ్చాక చూస్తే అది వంకర తిరిగిన కడ్డీ, ఇంకేమీ కాదు.

మళ్లీ పడుకున్నాడు. మళ్లీ నడిపాను. ఈసారి వెనక నుంచి ఒక్క మాట రాలేదు. నడుము లేదు, మెడ లేదు. మొదటి వాగు దాటేశాం.

"అరుణ్, ఆపు," అంది సిస్టర్. దిగిపోయి మామ చెయ్యి పట్టుకుని నాడి చూసింది. అప్పుడు గురక వినిపించింది.

నా సంతోషం పావుగంట నిలిచింది. దవాఖానకు తిరిగి రాగానే ఊడదీసిన రాడ్డు ఫొటోను సిస్టర్ సంబరంగా కరుణాకర్‌రావు గారికి పంపింది. వెంటనే ఫోను వచ్చింది.

"ఎవరు తియ్యమన్నరు? అది సేఫ్టీ కోసం పెట్టింది. దాన్ని మల్ల బిగించేదాక బండి కదలొద్దు. కదిలిందంటే డ్రైవర్ ఇంటికి పోతడు."

"సారును ఒకసారి వచ్చి పండుకొమ్మను," అన్నాడు మామ. అవతల ఫోను పెట్టేశారు.

నాకు ఇద్దరు పిల్లలు. ఆటో అమ్మేసి ఈ పనిలో చేరాను. "బిగించెయ్ మామా, నీకు దండం పెడ్త," అన్నాను. ఆయన రాడ్డును గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు.

అప్పుడే దవాఖాన వెనక గుట్ట మీది గూడెం నుంచి ఇద్దరు మనుషులు ఉరుక్కుంటూ వచ్చారు. మడావి భీంరావు చింతకాయ దులుపుతూ చెట్టు మీది నుంచి పడ్డాడు. ఇరవై ఆరేళ్లవాడు. నడుములో నొప్పి, లేవలేకపోతున్నాడు.

"కాళ్లు కదులుతున్నయా?" అడిగింది సిస్టర్.

"కదులుతున్నయి. గని లేస్తలేడు."

మామ చేతిలో గుడ్డ ఆగిపోయింది. "కదులుతున్నయా," అని తను ఇంకోసారి అడిగాడు. ఔనన్నారు. లేచి రాడ్డును గోడకు ఆనించాడు.

సిస్టర్ అంబులెన్సుకు చెప్పి, ఫోను ఆఫ్ చేసి సంచిలో వేసుకుంది. "నడువు. డ్రైవర్ ఇంటికి పోతే నర్సు గూడ పోతది."

గూడెంలో ఒక తలుపు ఊడదీయించి, భీంరావును కదపకుండా దాని మీదికి చేర్చి, మెడకు రెండు పక్కలా తువ్వాళ్లు చుట్టి పెట్టి, తలుపుతో సహా కట్టేసింది సిస్టర్. నొప్పికి సూది వేసి, తలుపును అలాగే స్ట్రెచర్ మీదికి ఎక్కించింది. నడుము ఎముక విరిగి ఉంటుందని, లోపలి నరాలు ఇంకా తెగలేదని, దారిలో ఒక్క గట్టి కుదుపు చాలని నాకు మెల్లగా చెప్పింది. వాడు మళ్లీ నడుస్తాడో లేదో ఈ ఏడు కిలోమీటర్లలో తేలిపోతుంది.

"జల్ది పోనియ్యి బాబూ," అన్నాడు భీంరావు తండ్రి. నేను కూడా అదే అనుకున్నాను. ఎవరైనా అదే అనుకుంటారు.

కానీ అంతయ్య మామ బండి ముందుకు పోయి నిలబడ్డాడు. వెనక్కి కూడా చూడకుండా నడవడం మొదలుపెట్టాడు. బండికి రెండు గజాల ముందు, దారి మధ్యలో, అరవై మూడేళ్ల మనిషి. పెద్ద రాయి వస్తే కాలితో పక్కకు నెట్టాడు, కదలకపోతే ఏ పక్క నుంచి రావాలో చెయ్యి చూపించాడు. హారన్ కొట్టాను. జరగలేదు. తండ్రి తిట్టాడు, మరాఠీలో కూడా తిట్టాడు. మామ నడక వేగం మారలేదు. పదిహేను కాదు గదా, స్పీడు ముల్లు మూడు దగ్గర నుంచి కదల్లేదు. నా జీవితంలో అంత మెల్లగా నేను పెళ్లి ఊరేగింపు కూడా తోలలేదు.

మొదటి వాగు దగ్గర సిస్టర్ ఆపించింది. "భీంరావ్, బొటనవేలు కదిలియ్యి." కదిలింది.

రెండో వాగు దగ్గర మళ్లీ ఆపించింది. కదిలింది, కానీ కాస్త ఆలస్యంగా.

మూడో వాగు దగ్గర కదల్లేదు. ఇంకోసారి చెప్పింది. కదల్లేదు. అరికాలు మీద గీసింది. ఏమీ లేదు. నిజం చెప్తున్నాను, ఆ నిమిషంలో మామను, ఆయన రాడ్డును, ఆయన నడకను కలిపి తిట్టుకున్నాను. ఆయన నీళ్లలో ఒక రాయి మీద కూలబడ్డాడు. ఆ ముఖం చూడలేక తల తిప్పుకున్నాను.

సిస్టర్ వంగి భీంరావు చెంప మీద తట్టింది. వాడు కళ్లు తెరిచి విసుగ్గా చూశాడు.

"ఎన్నిసార్లు లేపుతరు సిస్టర్? సూది మత్తుకు ఇప్పుడే కన్నంటుకుంది," అన్నాడు, రెండు పాదాలూ ఆడిస్తూ.

తారు రోడ్డు చేరేసరికి రెండున్నర గంటలు పట్టింది. మామ చెప్పు తెగిపోయి చాలాసేపైనట్టుంది, ఎడమ కాలి నుంచి నెత్తురు కారుతోంది. అంబులెన్సు ఎక్కించేటప్పుడు భీంరావు తండ్రి ఆయన ముందుకు వచ్చి తన చెప్పులు విప్పి ఇచ్చాడు. అవి మామకు చిన్నవయ్యాయి, అయినా తొడుక్కున్నాడు.

ఆపరేషన్ చేసిన డాక్టరు సిస్టర్‌ను, ఏడు కిలోమీటర్లకు ఎంతసేపు పట్టిందని అడిగాడట. చెబితే, "అందుకే మిగిలిండు," అన్నాడట. ఆ మాట ఆమె ఫోన్‌లో కరుణాకర్‌రావు గారికి చెప్పింది. ఆయన, "తలుపు మీద పేరు కనవడుతుందా?" అని అడిగారు. "బురద కడిగితే కనవడుతది సార్," అంది. నా ఉద్యోగం ఉంది. రాడ్డు మళ్లీ ఎక్కలేదు.

నెల తర్వాత టైర్ల కోసం ఆ బండిని లారీ మీద మందమర్రికి తెచ్చాను. మామ టైర్లు విప్పుకుని గాలి షాపుకు పోయాడు. వాళ్ల ఇంటి ముందు గదిలో దుర్గవ్వ అత్త తమ్ముడు రాజేశం మంచం ఉంటుంది. ఇరవై రెండేళ్లుగా ఆయన మంచం మీదే ఉన్నాడు. నడుము కింద స్పర్శ లేదు. క్రికెట్ మ్యాచ్ కోసం కప్పెక్కి యాంటెన్నా తిప్పుతూ పడ్డాడని కాలనీ మొత్తానికి తెలుసు. భీంరావు ముచ్చట మొత్తం మళ్లీ చెప్పించుకుని విన్నాడు రాజేశం. తర్వాత తలుపు వైపు చూసి, మామ లేడని తేల్చుకుని, నన్ను దగ్గరకు పిలిచాడు.

"నేను పడ్డప్పుడు నా కాళ్లు మంచిగనే ఉండె అరుణూ. జీపెక్కేటప్పుడు చెప్పులు నేనే తొడుక్కున్న. కరీంనగర్ దవాఖానల దింపుతుంటె ఒక చెప్పు జారి పడ్డదట. నాకు తెల్వలే."

నాకు వెంటనే అర్థం కాలేదు. "జీపు తోలిందెవరు?" అన్నాను.

"ఇంకెవరు, బావనే. మెల్లగ, మెల్లగ అని మొత్తుకున్న. ఇంజన్ సప్పుడుకు ఇనవడలే. నన్ను బతికియ్యాల్నని ఉరికిస్తుండు పాపం." దుప్పటి అంచు సరిచేసుకున్నాడు. "నన్ను ఇంటికి తెచ్చిన మూడోనాడు అదే జీపు మల్ల అడిగి తెచ్చిండు. ఇంకొకన్ని తోలుమని, తను ఎనక పండుకున్నడు. అదే తొవ్వ, కరీంనగర్ దాక, పోను రాను. వచ్చి నా పక్కన కూసుని, 'మస్తు నొచ్చింది రాజేశం,' అన్నడు. గంతే. మల్ల ఎన్నడు స్టీరింగ్ పట్టలే."

మేకల మధ్య, శవాల బండిలో, ఊరంతా నవ్వుతుంటే కళ్లు మూసుకుని పడుకున్న మనిషిని ఇన్నేళ్లూ నేనూ నవ్వుతూనే మోశాను. నాకు సిగ్గేసింది.

"ఊర్ల ఎవరికి చెప్పలేదా మీరు?"

"కప్పు మీదికెల్లి పడ్డ అని చెప్పిన. పడ్డది నిజమే గద." రాజేశం ముఖం చిట్లించాడు. "నాకు కోపం దానికి గాదు, గీ మంచానికి. నవారు మార్చినప్పుడల్ల ముందు ఆయననే పండుకుని చూస్తడు. ఒక్క రోజు గాదు, రెండు రోజులు. నన్ను చాప మీద ఏస్తడు. ఆయన గురక పెడ్తడు, నేను మేలుకుంట."

మామ వచ్చి టైర్లు బిగించేదాకా రాజేశం ఆగాడు. తర్వాత, "బావా, నన్ను ఒక చక్కరు తిప్పున్రి," అన్నాడు.

మామ చెప్పులు విప్పి ముందు తనే ఎక్కి పడుకున్నాడు. కాలనీ చుట్టూ తిప్పాను. దిగి, "ఫికర్ లేదు," అన్నాడు. ఇద్దరం కలిసి రాజేశాన్ని ఎత్తి పడుకోబెట్టి బెల్టులు కట్టాం. నేను సీటు ఎక్కబోతుంటే రాజేశం ఆపాడు.

"నువ్వొద్దు అరుణూ. బావ తోలుతడు."

మామ చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు. గడపలో గరిటెతో నిలబడ్డ దుర్గవ్వ అత్త, "తోలేదుంటే తోలు, లేకుంటే లోపలికి రా. పొయ్యి మీద కూర ఉన్నది," అంది.

ఆయన ఎక్కాడు. బండి కదిలింది అనడానికి నేనే సాక్షి. పక్కన నడుస్తున్న నన్ను, గరిటె పట్టుకుని వస్తున్న అత్తను అది దాటలేకపోయింది. ఒక కోడి ముందు నుంచి తీరిగ్గా వెళ్లిపోయింది.

"బావా," అన్నాడు రాజేశం వెనక నుంచి.

బండి ఠక్కున ఆగింది. "నొచ్చిందా?"

"లేదు. జర జోరుగ పోనియ్యి."

"నొస్తే?"

"నొస్తె చెప్త. ఈసారి నీకు ఇనవడుతది గద."

మామ స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాడు. తర్వాత కాలు కొంచెం నొక్కాడు. నేను పరుగెత్తాల్సి వచ్చింది. స్కూలు మూల తిరిగేటప్పుడు బండి ఒక పక్కకు ఒరిగింది, రాజేశం పెద్దగా నవ్వాడు. ఇంకో చక్కరు కావాలన్నాడు. దుర్గవ్వ అత్త కూర సంగతి మర్చిపోయి రోడ్డు మీదే నిలబడింది.